గురువారం చెప్పిన హోటల్ కథ

"నీ మొగుడితో చెప్పుకోవడానికి నీకు సొంత మాటలంటూ ఏవీ లేవా?"

లీనేను ఈ మాట అడిగింది ఆమె అత్తగారు థోర్కత్లా. చాటుగా పిలిచి అడగలేదు. సహకార దుకాణంలో, వెన్న కోసం నిలబడ్డ వరసలో, ఊరి ఆడవాళ్ళలో సగంమంది చెవులు రిక్కించి వింటుండగా అడిగింది. లీనే చేతిసంచీ కింద పెట్టి, "ఎందుకు లేవు థోర్కత్లా, ఉన్నాయి. నలభై ఓడలకి వినిపించే మాటలు కావవి" అంది. ఆ ఊళ్ళో అత్తనైనా బిషప్పునైనా పేరు పెట్టే పిలుస్తారు కాబట్టి వరసలో ఉన్నవాళ్ళు నవ్వింది పిలుపుకి కాదు, జవాబుకి.

ఊరు ఐస్‌లాండ్ వాయవ్య తీరంలో, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ ఒడ్డున ఉంది. అది 1984 చలికాలం. లీనే భర్త విగ్ఫూస్ ట్రాలర్‌లో, అంటే వలలు లాగే పెద్ద చేపల ఓడలో, ఇంజనీరు. వేటకెళితే పది పన్నెండు రోజులు ఇంటి మొహం చూడడు. మధ్యలో ఒక్కసారి, గురువారం సాయంత్రం, తీర రేడియో కేంద్రం ద్వారా ఇంటికి ఫోన్ చేస్తాడు. మాట్లాడేది మొగుడూ పెళ్ళాలే. వినేది మాత్రం అందరూ. చుట్టుపక్కల సముద్రంలో ఉన్న ప్రతి ఓడా, వంటింటి అలమరలో రేడియో ఉన్న ప్రతి ఇల్లూ ఆ మాటలు వింటుంది. పరాయివాళ్ళ సంభాషణ వినడం తప్పని ఒప్పుకోని మనిషి ఆ ఊళ్ళో లేడు. వినని మనిషీ లేడు.

అందుకే ఆ సంభాషణలు ఎండు చేపల్లా ఉండేవి. తన మాట ముగిసిందని తెలియడానికి ఎవరైనా చివర ఓవర్ అనాలి. "గాలి ఎటు? ఓవర్." "ఉత్తరం. ఓవర్." "చిన్నదానికి దగ్గు తగ్గింది. ఓవర్." కొత్తగా పెళ్ళైన కుర్రాడొకడు ఒకసారి నోరు జారి భార్యతో "నువ్వు కల్లోకి వచ్చావు" అన్నాడు. ఆ ఏడాదంతా మిగతా ఓడలవాళ్ళు వాడి ఓడని అసలు పేరుతో పిలవలేదు. "కల ఎక్కడుంది? కలకి చేపలు పడ్డాయా?" అనే అడిగేవాళ్ళు.

లీనేకి ఈ పొడి మాటలు నచ్చలేదు. ఆమెకి కథలు కావాలి. ఇంకా చెప్పాలంటే, టీవీలో వచ్చే కథలు కావాలి.

పగలంతా ఆమె చేపల ఫ్యాక్టరీలో, కింద దీపం వెలిగే గాజుబల్ల ముందు నిలబడి, కాడ్ చేప ముక్కల్లోంచి పురుగులూ ముళ్ళూ ఏరేది. చేతులకి పని, నోటికి తీరిక. దేశానికంతకీ ఉన్నది ఒకే టీవీ ఛానల్, అది గురువారం ప్రసారాలు ఆపేసేది. ఆ ఒక్క రోజైనా జనం ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారని పెద్దల ఆశ. మాట్లాడుకునేవారు కూడా. బుధవారం రాత్రి చూసిన దాని గురించి.

ఆ చలికాలం బుధవారాల్లో వచ్చేది ఒక ఇంగ్లీషు సీరియల్. సముద్రం ఒడ్డున పాత హోటల్ నడిపే కుటుంబం కథ. దానికేదో పొడుగాటి పేరుంది కానీ ఊళ్ళో అందరూ "హోటల్" అనే అనేవారు. యజమానురాలు హారియట్ అనే ముసలమ్మ. చిన్న కొడుకు క్లైవ్ ఊళ్ళు తిరిగి సబ్బులు అమ్ముతాడు, ఇంటి పట్టున ఉండడు. క్లైవ్ భార్య నోరా ఎవరినీ ఏదీ అడిగే రకం కాదు. ఆకలైనా అడగదు.

మిగతా ఆడవాళ్ళు అల్లిక పని ఒళ్ళో పెట్టుకుని చూసేవారు. లీనే చేతులు ఖాళీగా ఉంచుకునేది. అల్లుతూ చూస్తే కింద వచ్చే అనువాదపు అక్షరాలు చదవొచ్చేమో గానీ వెనక గోడ చూడలేమని ఆమె వాదన. ఆమె చూసేది గోడలే. హారియట్ గదిలో ఉన్న పూలకుండీయే మూడు వారాల తర్వాత లాయరు గదిలోకి ఎలా వచ్చింది? క్లైవ్ కోటుకి నెలరోజులుగా లేని గుండీ ఈ వారం ఎలా ఉంది? గురువారం పొద్దున్నే గాజుబల్ల దగ్గర తగువు మొదలు.

"ఆ గుండీ ఎవరు కుట్టారు?"

"నోరా కుట్టి ఉంటుంది."

"నోరానా? నోరా ఎప్పుడైనా సూది పట్టుకోగా చూశావా?"

"అయితే హారియట్."

"కొడుకు కోటు హారియట్ కుట్టిందంటే ఆ ఇంట్లో ఏదో జరగబోతోందన్నమాట!"

గుండీ కుట్టింది సీరియల్ తీసిన కంపెనీలో బట్టలు చూసుకునే మనిషి అయి ఉంటుందని చెబితే లీనే ఒప్పుకునేది కాదు. ఒప్పుకోకపోవడంలోనే ఉంది సరదా.

సీరియళ్ళు కుటుంబాలను పాడుచేస్తున్నాయని బడి హెడ్‌మాస్టరు సమావేశ మందిరంలో ఒక సాయంత్రమంతా ఉపన్యసించాడు. పాడవడానికైనా కుటుంబం ఒకచోట ఉండాలి. లీనే కుటుంబంలో ఒక మనిషి ఎప్పుడూ నీళ్ళ మీదే. ఆరేళ్ళ కూతురు సైయా, తండ్రి గుమ్మంలో బూట్లు విప్పుతుండగానే "మళ్ళీ ఎప్పుడు వెళ్తావు?" అని అడిగేది. కోపంగా కాదు, బస్సు వేళ అడిగినట్టు.

అతను వేటలో ఉన్న ఒక గురువారం లీనే ఫోన్‌లో గాలినీ దగ్గునీ పక్కన పెట్టి, "నిన్న హోటల్లో ఏమైందో తెలుసా? ఓవర్" అంది. విగ్ఫూస్ మాటల పొదుపరి. "ఏమైంది? ఓవర్" అన్నాడు. ఆమె చెప్పింది. ఆ తర్వాతి గురువారం ఆమె చెప్పకముందే అతనే అడిగాడు. నెల తిరిగేసరికి గురువారం ఆ వేళకి ఓడలన్నీ రేడియో చుట్టూ చేరేవి. విగ్ఫూస్ వాళ్ళ కెప్టెన్ హాల్వర్ధర్ అయితే భోజనం వేళే మార్చేశాడు.

థోర్కత్లా ఇంట్లో టీవీ లేదు. అది పనిలేని వాళ్ళకని ఆమె అభిప్రాయం. కానీ గురువారం సాయంత్రం రేడియో పక్కన కుర్చీ వేసుకుని, కోడలు కొడుక్కి చెప్పే కథ ఒక్క ముక్క వదిలేది కాదు. హారియట్ మంచిది కాదని ఊళ్ళో అందరికంటే ముందు పసిగట్టింది ఒక్క దృశ్యమూ చూడని థోర్కత్లాయే. వెన్న వరసలో ఆమె ప్రశ్నకి కారణం కోపం కాదు. సబ్బులమ్మేవాడి కథ ఇంత బాగా చెప్పే మనిషి తన కథ ఎందుకు చెప్పదన్న ఆరా.

ఆ ప్రశ్న అడిగిన కొద్ది వారాలకే లీనేకి సొంత మాట ఒకటి అవసరమైంది.

రేవు పక్కన పడవ ఇంజన్లు బాగుచేసే రేకుల షెడ్డు ఉంది. దాని యజమాని ముసలి బెర్గ్‌స్వేన్. షెడ్డు మంచిదే గానీ ఉత్తరం వైపు రేకులు తుప్పుపట్టి, వానొస్తే సరిగ్గా లేత్ మిషన్ మీదే కారుతుంది. బెర్గ్‌స్వేన్ ఫ్యాక్టరీ గేటు దగ్గర లీనేను ఆపి, "నా మోకాళ్ళు ఇక సహకరించవు తల్లీ. విగ్ఫూస్ తీసుకుంటానంటే వాడికే ఇస్తాను. దక్షిణం నుంచి ఇంకొకాయన అడుగుతున్నాడు. శనివారానికల్లా అవునో కాదో చెప్పు" అన్నాడు.

విగ్ఫూస్ వచ్చేది శనివారం తర్వాత ఎప్పుడో. అడగాలంటే రేడియోలోనే అడగాలి. అక్కడ కెప్టెన్ వింటాడు. ఇంజనీరు దిగిపోయే ఆలోచనలో ఉన్నాడని తెలిస్తే, దిగినా దిగకపోయినా ఆ మనిషి బతుకు ఓడలో ఇంతకు ముందులా ఉండదు. పైగా దక్షిణాదాయన తమ్ముడు ఇంకో ట్రాలర్‌లో ఉన్నాడు. విన్నాడంటే అన్న రాత్రికి రాత్రే ధర పెంచేస్తాడు. టెలిగ్రాం ఇచ్చినా ఓడకి చదివి వినిపించేది ఆ రేడియోలోనే.

ఈ ఆలోచనలతో బుధవారం వచ్చింది. దాంతోపాటు తుఫానూ వచ్చింది. కొండ మీద టీవీ స్తంభం కూలిపోయింది. హోటల్ మొదలయ్యే వేళకి ఊళ్ళో ప్రతి టీవీలోనూ మంచు కురిసినట్టు తెల్లచుక్కలు తప్ప బొమ్మ లేదు. లీనే ఆ మంచునే చాలాసేపు చూస్తూ కూర్చుంది.

గురువారం ఫోన్ మోగింది.

"వినిపిస్తోందా? ఓవర్."

"వినిపిస్తోంది. హోటల్లో ఏమైంది? ఓవర్."

లీనే కథ ఎత్తుకుంది. "బాయిలర్ చూసుకునే ముసలాయన ఉన్నాడుగా, ఆయనకిక చేతకాదట. ఆ పని క్లైవ్‌కి అప్పజెబుతానంటున్నాడు. శనివారం లోపల ఏదో ఒకటి చెప్పకపోతే బయటివాళ్ళకి ఇచ్చేస్తాడట. తిరుగుళ్ళు మానేసి ఇంటి దగ్గర ఉంటావా అని నోరా అతన్ని అడిగింది. ఓవర్."

గరగర శబ్దం తప్ప ఏమీ లేదు.

"నోరా అడిగిందా? ఓవర్."

"అడిగింది. ఓవర్."

"నోరా ఎవరినీ ఏదీ అడగదే. ఓవర్."

"ఈసారి అడగాల్సి వచ్చింది. ఓవర్."

"అతనేమన్నాడు? ఓవర్."

"అక్కడే ఆపేశారు. నువ్వేమంటావు? అంటే, అతనేమంటాడని నీకనిపిస్తోంది? ఓవర్."

మళ్ళీ గరగర. తర్వాత, "వాడు సబ్బులమ్మేవాడు కదా, చూడాలి. చిన్నదాని దగ్గెలా ఉంది? ఓవర్" అన్నాడు. దగ్గు బాగానే ఉందని చెప్పింది. ఫోన్ పెట్టేశాడు.

అర్థమైందా, కాలేదా? లీనే అతని ప్రతి మాటనీ, మధ్యలో వచ్చిన ప్రతి గరగరనీ గుండీని చూసినట్టు తిరగేసి చూసింది. ఏమీ తేలలేదు. ఇంతలో వెనక తలుపు తెరుచుకుంది. వంటింటి ఏప్రాన్ మీదే కోటు తగిలించుకుని థోర్కత్లా లోపలికొచ్చింది.

"నిన్న స్తంభం పడిపోయింది. ఊళ్ళో ఏ ఇంట్లోనూ బొమ్మ రాలేదు. ఈ కథ నీకెవరు చూపించారు?"

"కూర్చో థోర్కత్లా. కాఫీ పోస్తాను."

"కాఫీ తాగుతాను. కథ మాత్రం మింగను. బెర్గ్‌స్వేన్ షెడ్డేనా?"

లీనే తల ఊపింది. థోర్కత్లా చక్కెర ముక్క పళ్ళ మధ్య పెట్టుకుని కాఫీ రెండు గుక్కలు తాగింది. "విగ్ఫూస్ వాళ్ళ నాన్న అరవై ఏళ్ళు దాటేదాకా ఓడలోనే ఉన్నాడు. దిగమని నేనెప్పుడూ అడగలేదు."

"ఎందుకని?"

"అడగడానికి నాకు హోటల్ లేదుగా!" అంది థోర్కత్లా. కప్పులో మిగిలింది తాగేసి, "వాడికి అర్థమై ఉంటుందా? చిన్నప్పటినుంచీ వాడికి ఏదైనా రెండుసార్లు చెప్పాలి" అని కొడుకు మీద ఉన్న నమ్మకం వెలిబుచ్చి వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున గాజుబల్ల దగ్గర ఒక్కరూ హోటల్ ఊసెత్తలేదు. అందరూ రేడియో విన్నవాళ్ళే, టీవీ రాలేదని తెలిసినవాళ్ళే. ఎదుటి బల్ల ఆమె మాత్రం చేప ముక్క తిరగేస్తూ, "నోరా అడగడం మంచిదే అయింది" అంది. "కాస్త ముందే అడగాల్సింది" అంది పక్కనామె. అంతే, మళ్ళీ పురుగులేరే పనిలో పడ్డారు.

ఆ సాయంత్రం ఫోన్ మోగింది. విగ్ఫూస్ శుక్రవారం ఎప్పుడూ చేసి ఎరగడు.

"హోటల్ గురించే. నిన్న ఇక్కడ పెద్ద తగువైంది. ఓవర్."

"ఏమని? ఓవర్."

"క్లైవ్ ఒప్పుకుంటాడని నేనంటాను. ఓవర్."

లీనే ఫోన్ తీగని వేలికి చుట్టుకుంది. ఇది కథకి జవాబా, తనకా? తిన్నగా అడగడానికి లేదు. "ఎందుకలా అనిపించింది? ఓవర్."

"ఊరికే. కానీ నోరాతో చెప్పు, ఉత్తరం వైపు రేకులు మార్చే ఖర్చు ముసలాయన ధరలో తగ్గించాలి. లేకపోతే మొదటి వానకే మునుగుతాం. ఓవర్."

హోటల్‌ది పెంకుల కప్పు. ప్రతి బుధవారం కథ మొదట్లో సముద్రం వైపు నుంచి చూపించేది ఆ ఎర్ర పెంకులనే. రేకులున్నది బెర్గ్‌స్వేన్ షెడ్డుకి.

"చెబుతాను. ఓవర్" అంది లీనే. 

శనివారం పొద్దున్నే ఆమె బెర్గ్‌స్వేన్ వంటింట్లో కూర్చుని రేకుల సంగతి ఎత్తింది. ఆయన కాసేపు గొణిగి, "వాడు సముద్రం మీదుండి నా కప్పు ఎలా చూశాడు?" అని ధర తగ్గించాడు.

ఓడ వచ్చిన రోజు కెప్టెన్ హాల్వర్ధర్ రేవులోనే లీనేకి ఎదురుపడ్డాడు. "ఏమ్మా, ఇదేం అన్యాయం? ఆ వారం క్లైవ్ కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్నాడట. వేరే ఊళ్ళో ఉండే మా బావమరిది టీవీలో చూశాడు. బాయిలరూ లేదు, ముసలాడూ లేడట!"

"మా ఊళ్ళో వేరే వచ్చింది హాల్వర్ధర్."

వెనకే విగ్ఫూస్ సంచీ భుజానేసుకుని దిగి, ఇదే తన ఆఖరి వేట అని కెప్టెన్‌కి అక్కడే చెప్పేశాడు. హాల్వర్ధర్ ఒకసారి ఆమెనీ ఒకసారి అతన్నీ చూసి, టోపీ తీసి నేలకేసి కొట్టాడు. ఎందుకో లీనేకి ఇంటికెళ్ళాక తెలిసింది. ఆ గురువారం ఫోన్ కాగానే భోజనాల బల్ల దగ్గర కెప్టెన్ గట్టిగా వాదించాడట. తిరుగుడు మరిగిన మగాడు ఇంటి దగ్గర కూర్చోడు, క్లైవ్ ఒప్పుకోడు, కావాలంటే ఐదు వందల క్రోనాలు పందెం అన్నాడట. కాస్తానని చెయ్యి చాపింది విగ్ఫూస్.

ఇప్పుడు విగ్ఫూస్ బుధవారాలు ఇంట్లోనే ఉంటున్నాడు. కథ మధ్యలో "వీడెవడు? వీడికేం కావాలి?" అని ప్రాణం తీస్తాడు. లీనే "ఓవర్" అని నోరు మూయిస్తుంది. గురువారాలు కథ చెప్పేవాళ్ళు లేకపోయేసరికి థోర్కత్లా బుధవారాలు కాఫీకని వస్తోంది. కుర్చీ మాత్రం టీవీకి పక్కగా వేసుకుంటుంది, తాను చూడటం లేదని చెప్పుకోవడానికి. సైయా తండ్రిని ఎప్పుడు వెళ్తావని అడగడం మానలేదు. షెడ్డుకే అని అతను చెప్పాల్సి వస్తోంది.

హాల్వర్ధర్ తన పడవ ఇంజను బాగుచేయించుకోవడానికి షెడ్డుకి వస్తూనే ఉంటాడు. ఆ పని డబ్బులు ఎప్పటికప్పుడు ఇచ్చేస్తాడు. పందెం తాలూకు ఐదు వందల క్రోనాలు మాత్రం ఇంకా ఇవ్వలేదు.