మగ్లీ అడుగంటకుండా

మొన్న కడపలో కిరాణా కొట్టతను షాజీరా పొట్లం విప్పి ముక్కు దగ్గర పెట్టగానే నేను ముఖం పక్కకు తిప్పేశాను. మంచి సరుకేనమ్మా అని అతను నొచ్చుకున్నాడు. సరుకు మంచిదే. ఆ వాసన గల్ఫులో, ఫహాహీల్‌లోని ఒక వంటింటిది. ముప్పై ఏళ్ళు దాటినా ఆ ఇంటి మీద నా కోపం చల్లారలేదు.

మా నాన్న అక్కడ ఒక లెబనాన్ కుటుంబానికి డ్రైవరు, అమ్మ వంటమనిషి, నాకు ఎనిమిదేళ్ళు. అక్కడ పనివాళ్ళు యజమానురాలిని పిలిచినట్టే, ఇంటావిడను అమ్మతో పాటు నేనూ మామా అనేదాన్ని. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల ఏసీ హోరు. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పిస్తాలు ఒలిచి నోట్లో పెట్టేది, తన రిబ్బన్లు నా జడకు కట్టి మురిసిపోయేది. ఆమెకు కొడుకు పుడితే మా అమ్మకు పండగైంది. బిడ్డ పుట్టిన ఇంటికి వచ్చినవాళ్ళకు మగ్లీ పెట్టడం వాళ్ళ ఆచారం. బియ్యప్పిండి, చక్కెర నీళ్ళలో కలిపి, షాజీరా, సోపు, దాల్చినచెక్క పొడులు వేసి, మట్టిరంగు తిరిగి చిక్కబడేదాకా గంటసేపు గరిటె ఆపకుండా తిప్పాలి. చల్లారాక పైన కొబ్బరికోరు, నానబెట్టిన బాదం, అక్రోటు పరచాలి. అడుగంటితే బిడ్డకు మంచిది కాదని మామా ఒకసారి అంది. అమ్మ ఆ మాటను వేదంగా పట్టుకుంది.

బిడ్డ పుట్టిన వారానికే ఇరాక్ సైన్యం వచ్చింది. నాన్న సెలవు మీద రాజంపేటలో ఉన్నాడు. వీధిలో ట్యాంకులు, రొట్టెల కోసం బారులు. మా పాస్‌పోర్టులు ఇంటాయన బీరువాలో ఉండేవి. అందరం కారులో జోర్డాన్ పోదాం, వెనక సీటు మీదేనని మామా బిడ్డ తల మీద చెయ్యి వేసి చెప్పింది. అమ్మ ఆ రోజే మూట కట్టేసింది.

బయలుదేరే పొద్దున మామా ఉన్న పిండంతా తీయించి, దారిలో బిడ్డ పేరున నలుగురికి పెడదాం, మగ్లీ చెయ్యమంది. అమ్మ పొయ్యి ముట్టించింది. నేను మెట్ల మీద ఆడుకుంటుంటే భార్యాభర్తలు బిడ్డతో దిగారు. మామా నా బుగ్గ మీద ముద్దుపెట్టి, "పెట్రోలు పోయించుకుని వస్తాం హబీబ్తీ, గరిటె ఆపొద్దని మీ అమ్మకు చెప్పు, యల్లా, పరిగెత్తు" అంది. నేను గంతులేస్తూ పోయి చెప్పాను.

అమ్మ తిప్పింది. గిన్నెల్లో పోసింది. పప్పులు పరిచింది. మధ్యాహ్నం దాటాక బీరువా తెరిచి చూస్తే, వాళ్ళ కాగితాలతో పాటు మా పాస్‌పోర్టులూ పోయాయి. హడావిడిలో మరిచారని సర్దిచెప్పుకోవడానికి నాకు మనసొప్పదు. గరిటె సంగతి గుర్తున్న మనిషికి మేం గుర్తులేమా?

పక్క బిల్డింగులోని కడపవాళ్ళు మమ్మల్ని బస్సెక్కించుకున్నారు. కాగితాలు లేని అమ్మ ప్రతి చెక్‌పోస్టులో దిగి చేతులు జోడించింది. జోర్డాన్‌లోని అమ్మాన్ చేరేదాకా నేను ఆమె ముఖం చూడలేదు. ఆమెను పొయ్యి దగ్గర నిలబెట్టిన మాట మోసింది నేనే కదా.

ఆ బిల్డింగు ఇప్పుడు లేదట. పిస్తాలు ఒలిచిన చేతిని నమ్మిన పిల్ల కూడా లేదు. మొన్న కొట్టు నుంచి వచ్చి, నేను చెప్పబట్టే నువ్వు పొయ్యి దగ్గర నిలబడిపోయావని ఇన్నేళ్ళకు మొదటిసారి అమ్మతో అన్నాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఆమె తల ఎత్తలేదు.

"నువ్వు రాకముందే కారు పోయిన సద్దు ఇనపడిందిలేమ్మా. పెట్రోలుకు బిడ్డను ఎత్తుకోని పోతారా? ఇంగ రారని తెల్సు. పసిబిడ్డ పేరున పొయ్యి మింద పెట్టినాక, అడుగంటిచ్చి ఎట్ల వచ్చేది?"