సీలు నా దగ్గరే ఉందన్నాను

"శాంపిల్ సీసా మూత మీద నొక్కిన ఇత్తడి సీలు, ఆ సీసా ల్యాబుకి చేరేదాకా మీ దగ్గరే ఉందా?" అని విజయనగరం కోర్టులో ముద్దాయి తరఫు లాయరు నన్ను అడిగాడు. "ఉంది" అన్నాను. ఆ ఒక్క మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. అది అబద్ధం. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను సాలూరులో ఒక పత్రికకు విలేకరిని. ఒక ఉదయం సీఐ ఫోన్ చేసి, ఒడిశా ఘాట్ దిగి వచ్చే బళ్లను తనిఖీ చేసే చోటికి రమ్మన్నాడు. ఒక వ్యాను నిండా డబ్బాలు. వాటిలో నల్లటి జిగట ద్రవం. గంజాయి నుంచి తీసే హషీష్ ఆయిల్ అన్నారు. స్వాధీనానికి సాక్షిగా మధ్యవర్తి ఉండాలి, రావాల్సిన ఉద్యోగి రాలేదు. నన్ను నిలబెట్టారు. వార్త అందరికంటే ముందు దొరికే చోట నిలబడడానికి నాకేం అభ్యంతరం?

డ్రైవరు సింహాచలం సాలూరు మనిషే. శ్రీకాకుళం తీరంలో పడవలకు పూసే జీడిపిక్కల నూనె ఎక్కించుకొస్తున్నానని పదే పదే చెప్పాడు. పట్టుబడ్డవాళ్లు చెప్పే ఇలాంటి కథలు నేను చాలా విన్నాను. ఒక డబ్బా మూత పక్కన కారినదాన్ని చూపుడు వేలితో తాకి వాసన చూశాను. ఏ వాసనో తేల్చుకోలేకపోయాను. చేతులకు తాడు కట్టి కూర్చోబెట్టిన అతను నా వేలి వంకే చూస్తున్నాడు.

"బాబూ, నా మాట నమ్మకపోతే మానీండి. ఆ సెయ్యి మాత్రం కడుక్కోండి. జీడి నూనె అది, బొబ్బలెక్కిపోతాది."

"ఏట్రా, ఇప్పుడు డాట్రువి కూడా అయిపోనావా?" అన్నాడు పక్కనున్న కానిస్టేబుల్.

"రేపు ఈ బాబు సెయ్యి కాలిందని ఆ కేసు కూడా నా మీదే రాసీగల్రు. అందుకే సెప్తన్నాను."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చేతిరుమాలుతో తుడుచుకుని ఊరుకున్నాను.

అప్పట్లో శాంపిల్ అక్కడికక్కడే తీసేవారు. ఏ డబ్బాలోంచి తీశారో నేను సరిగ్గా చూడలేదు, ఫోటో తీసే పనిలో ఉన్నాను. రెండు సీసాలు నింపారు. ఒకటి ల్యాబుకి, రెండోది మళ్లీ పరీక్ష అవసరమైతే ఉండాలని కోర్టుకి. మూతల మీద లక్క కరిగించి ఇత్తడి సీలు నొక్కారు. తర్వాత ఆ సీలును సీఐ నా చేతిలో పెట్టాడు. సీసాలు విప్పి మళ్లీ మూసే వీలు తమకు లేదని చూపించడానికి, దాన్ని బయటి మనిషి దగ్గర ఉంచడం ఆయన పద్ధతి. సీసా ల్యాబుకి చేరాకే తిరిగివ్వాలి.

మర్నాటి పత్రికలో హషీష్ ఆయిల్ అని పెద్దక్షరాల్లో నా వార్త వచ్చింది. అదే ఉదయం నా వేలు బొబ్బెక్కింది. ఆ వేలితోనే పేజీ తిప్పాను. ఇంతలో నిన్నటి కానిస్టేబుల్ వచ్చి, ఇంకో కేసుకు కావాలని సీలు అడిగాడు. సీసాలు ఇంకా స్టేషన్‌లోనే ఉన్నాయని నాకు తెలుసు. ఇచ్చేశాను. నా వేలు చూసి ఏమైందని అడిగాడు. టీ గిన్నె తగిలిందన్నాను. ఎందుకలా అన్నాను? నిజం చెబితే ఏం పోయేది? నా వార్త పోయేది. సీఐ ఫోన్లు ఆగిపోయేవి. అంతే కదా?

ల్యాబు అది హషీష్ ఆయిలేనని తేల్చింది. సింహాచలం మొత్తుకుంటే, రెండో సీసాను మళ్లీ పరీక్షించాలని అతని లాయరు పిటిషన్ వేశాడు. ఈలోగా అతని భార్య నా దగ్గరికి వచ్చి, పరీక్ష మళ్లీ చేయించమని పేపర్లో ఒక్క ముక్క రాయమని బతిమాలింది. కోర్టులో ఉన్న విషయం రాయకూడదని చెప్పి పంపేశాను. తర్వాత బోనెక్కి ఆ మాట అన్నాను. సీలు బయటి మనిషి దగ్గరే ఉంది కాబట్టి శాంపిల్‌ను శంకించడానికి కారణం లేదంటూ పిటిషన్ కొట్టేశారు. సాక్ష్యం చెప్పిన రోజు నేను బోను దిగుతుంటే సింహాచలం నా ముఖం చూడలేదు. నా కుడి చేయి చూశాడు.

అతనికి శిక్ష పడింది.

అప్పటినుంచి అందరినీ అనుమానిస్తూనే ఉన్నాను. సీలు అంత తొందరగా అడిగించిన సీఐని, నా వేలు చూసి ఏమైందని అడిగిన కానిస్టేబుల్‌ని. కొన్నిసార్లు సింహాచలాన్నే అనుమానిస్తాను. ఒక డబ్బాలో జీడి నూనె, మిగతావాటిలో అసలు సరుకు పెట్టుకుని ఉండకూడదా? సరుకు వాసన దొరక్కుండా మూతల మీద జీడి నూనె తనే పూసి ఉండకూడదా? అలా అనుకున్నప్పుడు నాకు నిద్ర బాగా పడుతుంది. అది గమనించాక ఆ అనుమానాన్ని కూడా నమ్మడం మానేశాను.

ఇది రాశాక కొంత తేలికగా ఉంది. ఆ తేలిక నాకు దక్కవలసింది కాదని తెలుసు. కోర్టుకు ఇంకా చెప్పలేదు. చెబుతానో లేదో, నా సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి, మాటివ్వను.

సింహాచలం జైల్లోనే ఉన్నాడు. హైకోర్టులో అతని అప్పీలు విచారణకు రాలేదు. కోర్టుకి చేరాక రెండో సీసాను ఎవరూ విప్పలేదు. రేపు విప్పి పరీక్షించినా, అందులో ఉన్నది ఆ రోజు ఆ డబ్బాల్లోంచి తీసిందేనని చెప్పడానికి నా అబద్ధం తప్ప ఇంకో ఆధారం లేదు. దాని మీద సీలు మాత్రం చెక్కుచెదరలేదు.