సున్నం రాసిన కల్లుకుండలు

కల్లు ఎంతవరకు పులిసిందో చెప్పడానికి మా మామ దాన్ని నోట్లో పోసుకునేవాడు కాదు. కుండ మూతికి చెవి ఆనించేవాడు. లోపల నురగ చిటపటమంటుంటే "మాట్లాడుతుంది" అనేవాడు. కొత్తకోడలిగా వచ్చినప్పుడు నేను ఆయన వెనక నవ్వుకున్నాను కూడా.

మోస్రా దగ్గర మా ఊరు. మామ, నా మొగుడు ఈతచెట్లు గీసేవాళ్లు. చెట్లు మావి కావు. సర్కారు వేలంలో గుత్తేదారు పాడుకునేవాడు. ఆయన ఎవరికి పంచితే వాళ్లు గీయాలి, గీసిన కల్లును బోధన్‌లో ఆయన దుకాణానికి చేర్చాలి. మామ బండి తోలేవాడు. కుండలు ఒరగకుండా పట్టుకుని నేను వెనక కూర్చునేదాన్ని.

చలికాలం వస్తే ఈతచెట్లకు కల్లు బాగా పారేది. చక్కెర ఫ్యాక్టరీ నడిచేదీ అప్పుడే. రోడ్డంతా చెరుకుబండ్లే. వాటి మధ్య ఇరుక్కుని ఆ ఏడు మూడుసార్లు పొద్దెక్కాక చేరాం. మూడుసార్లూ కల్లు పుల్లబడింది. మూడోసారి గుత్తేదారు కుండ తన్నినంత పనిచేశాడు.

"ఇంకొక్కసారి పులిసిన కల్లు తెస్తే మీ చెట్లన్నీ వేరేటోళ్లకు ఇస్త. ఇగ మీ ఇష్టం."

చెట్లు పోతే మాకు మిగిలేది కూలిపనే. నాకు కోపం కుతకుత ఉడికింది. పులవడమే కదా సమస్య, పులవకుండా చేస్తే పోతుంది కదా అనుకున్నాను. కుండలో సున్నం రాస్తే కల్లు పులవదని మా అమ్మగారింట్లో విన్నాను. మామ ఆ మాటంటేనే మండిపడేవాడు. "సున్నం తగిల్తే కల్లు సచ్చిపోతది, నురగ రాదు" అనేవాడు. ముసలివాళ్ల చాదస్తం అనుకున్నాను. ఆ సాయంత్రం బండి కుండలు కడుగుతూ, ఎవరూ చూడకుండా అన్నిటికీ లోపల సున్నం పూశాను. అతి తెలివి అంటే అదే.

తెల్లవారుజామున కల్లు నింపి, మూతుల్లో ఈతాకు కుక్కి బయల్దేరాం. బోధన్ ఇంకా కోసెడు దూరముందనగా బండి ఆగింది. ముందు కనుచూపు మేర చెరుకుబండ్లు. ఎడ్లను విప్పేసి తోలేవాళ్లు తాపీగా చెరుకు నములుతున్నారు. మామ దిగి వాళ్లను బతిమాలాడు.

"అన్నా, జరంత తొవ్వియ్యుండ్రి. కల్లు పులుస్తది."

"నీ కల్లుకే తొందరనా? మా చెరుకు ఎండితే తూకం తగ్గదా?" అన్నాడొకడు. అతని మాటా నిజమే. ఎవరూ జరగలేదు.

ఎండ ఎక్కుతోంది. మామ తిరిగొచ్చి ఒక కుండ మీద చెవి పెట్టాడు. ఇంకో కుండ. తర్వాత మూడోది. దేంట్లోనూ చిటపట లేదు. ఆయన ఈతాకు తీసి వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

"సున్నం వెట్టినవా బిడ్డా?"

తలూపాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తలపాగా విప్పి ముఖం తుడుచుకుని బండెక్కాడు. వెనక్కి తిరిగినా చెట్లు పోతాయి, ముందుకు పోయినా పోతాయి. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది మా పని.

దుకాణం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. అప్పటికే జనం కల్లు కోసం కాచుకుని కూర్చున్నారు. మొదటి ముంత తాగినవాడు తుపుక్కున ఉమ్మేశాడు.

"ఇది కల్లా, సున్నపునీళ్లా?"

గుత్తేదారు వచ్చి ఒక గుక్క తాగాడు. ఆయన మొహం నల్లబడింది.

"ఎవరు వెట్టిండ్రు సున్నం?"

నేను నోరు తెరిచాను. మామ నాకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"నేనే వెట్టిన సేటూ. ముసలితనం, అక్కల్ తప్పింది. నా కొడుక్కు తెల్వదు. వాని కడుపు కొట్టకు."

గుత్తేదారు ముంతలో మిగిలిన కల్లు నేల మీద పారబోశాడు. "నీ కొడుకు చెట్లు వానికే ఉండనీ. నీ చెట్లు మాత్రం ఇయ్యాల్టి సంది నీవి కావు. మల్ల చెట్టెక్కినవని తెలిస్తే వానివి గూడ గుంజుకుంట."

ఇంటికొచ్చి మామ, చెట్టెక్కేటప్పుడు నడుముకు కట్టుకునే మోకును గోడకున్న గూటానికి తగిలించాడు. కొడుక్కి కూడా అదే అబద్ధం చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. నా నోరు పెగల్లేదు. భయం, అంతే. దానికి వేరే పేరు పెట్టను.

మామ ఇక ఆ దుకాణానికి రానన్నాడు. మర్నాటి నుంచి బండి నేనే తోలాను. చెరుకుబండ్లు రాని కాలువగట్టు దారి వెతుక్కున్నాను. కుండల మీద తడి గోనెపట్టాలు కప్పాను. ఎండ రాకముందే దుకాణం చేరేదాన్ని. ఆ తర్వాత మా కల్లు ఒక్కరోజూ చెడలేదు. కోడలు తెలివిగలదని ఊరంతా మెచ్చుకుంటుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

మామ మాత్రం రోజూ నేను బయల్దేరే వేళకు వాకిట్లోకి వచ్చేవాడు. ఒక్కో కుండకూ చెవి ఆనించేవాడు. "మాట్లాడుతున్నయి. పో బిడ్డా" అనేవాడు. చేతనైనన్నాళ్లూ మానలేదు.

ఆయన పోయాక, దినాల నాడు ఆయన పేరున నేల మీద కల్లు ఆరబోస్తూ నా మొగుడు అన్నాడు: "గంత తెలిసిన బాపు గా ఒక్కనాడు సున్నం ఎట్ల వెట్టిండో, నాకిప్పటికీ సమజ్ కాదు."

అప్పుడు కూడా నేను చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. వినడానికి నా మొగుడూ లేడు.