చూడకుండా ఇచ్చిన సంచకారం

మా నాన్న సిరుగుప్పలో బియ్యం వ్యాపారి. బస్తాలోకి గొట్టం గుచ్చి, నాలుగు గింజలు తీసి కొరికి చూడనిదే ఎవరికీ సంచకారం ఇవ్వడు. అడ్వాన్సును మావైపు అట్లంటారు. కన్నడంలో అదే మాటకు ప్రాణం మీదికి రావడమని కూడా అర్థం. రెండు భాషలూ వచ్చినోణ్ణి, రెండూ మర్చిపోయి, ఇంకా విడుదల కాని వీడియో గేముకు ట్రైలర్ చూసి సంచకారం కట్టినా. ముందే కొంటే ఆటలో నా వీరుడికి బంగారు కవచం ఇస్తామన్నారు, దానికి పడిపోయినా. ఊరికే ఉన్నానా? నలుగురు స్నేహితులతోనూ కట్టించినా.

గేము వచ్చింది. నా గుర్రం కోటగోడలో ఇరుక్కొని కాళ్లాడిస్తాంటాది, ముందుకు పోదు, వెనక్కి రాదు. రెండు గంటలు దాటి ఆడితే డబ్బు వాపసు రాదంట. ఆ రెండు గంటలూ గుర్రం ఎక్కకముందే నా వీరుడికి మీసం దిద్దుతా కూర్చున్నా, తిక్కనాయాల్ని!

"ఎట్లుందప్పా?" అని స్నేహితులు ఫోన్ చేస్తే "సూపర్, పోను పోను ఇంకా బాగుంటాది" అన్నా. వ్యాపారి కొడుకు మోసపోయినానని ఏ మొహం పెట్టుకొని చెప్పేది? వాళ్లూ ఆడినారు, వాళ్లూ సూపరన్నారు. వాళ్లూ వ్యాపారుల కొడుకులే కదా. రోజూ సాయంత్రం ఐదుగురం ఆన్‌లైన్‌లో ఆ గోడ దగ్గరే కలుస్తాం, ఒకరినొకరు మెచ్చుకుంటాం.

నిన్న రెండో భాగం ట్రైలర్ వచ్చింది. నలుగురూ ఒకటే మెసేజ్ పెట్టినారు: "నువ్వు కట్టప్పా, నీ వెనకే మేమూ కడతాం."