సర్వర్ బీకి తోడొచ్చిన దయ్యం

మా కోరుట్ల వాడకట్టులో సర్వర్ బీకి భయమంటే తెలియదని అందరూ అనేవారు. నాకు మాత్రం అసలు సంగతి తెలుసు. పక్కిల్లు కదా, గోడ మీదుగా ఒకసారి చూడనిదే నాకు అన్నం సహించదు. సకల జనుల సమ్మెలో నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి, పోలీసు జీపు ముందే బగారన్నం వండి, ఆ పోలీసులకూ వడ్డించిన మనిషి, చీకటి పడితే సొంత ఇంట్లో ఒంటరిగా కన్ను మూయలేదు. భర్త హబీబుద్దీన్ దుబాయిలో హోటల్ గదులు ఊడుస్తాడు. జగిత్యాల నుంచి కూతురు గజాలా వచ్చి తోడు పడుకునేది. సమ్మెకు బస్సులు బందయ్యాయి, ఆ తోడూ పోయింది.

పగలంతా ఆమె వసారాలోనే మేం బీడీలు చుట్టేవాళ్ళం. దీపాలవేళకు ఎవరి బీడీల చాట వాళ్ళు చంకన పెట్టుకొని లేచేవాళ్ళం.

"జర గీడనే పండుకోరాదుండ్రి," అనేది సర్వర్ బీ.

"పొద్దుగాల మా ఆయనకు చాయ్ నువ్వు పోస్తవా?" అని మగ్గం నేసే పోచయ్య భార్య సత్యవ్వ నవ్వేది.

ఆ రోజుల్లోనే దుబాయి నుంచి ఊరికొచ్చిన ఒకాయన చేత హబీబుద్దీన్ ఒక పుస్తకం పంపాడు. ఎవరో జపాన్ అతిథి గదిలో వదిలేసిన దయ్యాల బొమ్మల కథ. అట్ట కుడివైపు నుంచి తెరుచుకుంటోంది కాబట్టి ఉర్దూయే అనుకున్నాడట మహానుభావుడు! రాత్రుళ్ళు భార్యకు పొద్దుపోతుందని పంపాడు.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. సత్యవ్వ కందీలు ముందర పెట్టుకొని పుస్తకాన్ని తెలుగు పుస్తకంలాగే ఎడమ నుంచి తెరిచింది. ఆ జపాన్ అక్షరాలు ఎవరికీ రావు, బొమ్మలే చూశాం. పొడుగు చేతుల దయ్యం ఒకటి కడుపు ఉబ్బి కూర్చుంది. పేజీ తిప్పితే దాని నోట్లోంచి ఒక ఆడమనిషి బయటికొచ్చింది, తర్వాత ఇంకొకామె. చివరికి అందరూ ఒక ఇంట్లో చేరి చాయ్ తాగుతున్నారు.

"ఎంత మంచి దయ్యమే!" అంది సత్యవ్వ. "బస్సులు బందున్నా మనుషులను ఇంటికాడ దింపుతాంది."

నవ్వుకుంటూ చాటలు సర్దుకుంటుంటే సర్వర్ బీ పుస్తకం లాక్కుంది.

"ఆగుండ్రి, ఉల్టా చూసిండ్రు. మా ఉర్దూ లెక్క గిటుకెల్లి సురువు చేయాలె."

కుడి నుంచి తిప్పింది. చాయ్ తాగిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే చీకట్లో ఇంటికి బయల్దేరారు. సందు మలుపులో పొడుగు చేతులు. చివరి బొమ్మలో కడుపు నిండిన దయ్యం, ఇంకెవరైనా ఉన్నారా అన్నట్టు మా వైపే చూస్తోంది.

సత్యవ్వ చాట కింద పెట్టింది.

"మరి పోచయ్యకు చాయ్?" అన్నాను.

"పోసుకుంటడు, ఆయనకు చేతుల్లేవా? అయ్యో, చేతుల మాట ఎందుకు తీసిన!"

కరెంటు వచ్చింది. ఎవరూ లేవలేదు. ఉన్న దుప్పట్లన్నీ అడ్డంగా పరిచి, మా నడుమ పడుకుంది సర్వర్ బీ.

"సర్వర్ బీ, గా దయ్యం నీ ఇంట్లకు రాదు గదా?" అని సత్యవ్వ అడిగింది.

జవాబుగా సర్వర్ బీ గురక మొదలైంది. గోడకు చెవి పెట్టి ఎన్నాళ్ళు కూర్చున్నా నేను వినని గురక. సందులోంచి ఎవరో దేన్నో ఈడ్చుకొస్తున్నట్టుంది. సత్యవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"లేపుదామా అక్కా?"

"వద్దే, పండుకోనియ్యి," అన్నాను.

తెల్లారేదాకా మేమిద్దరం కన్ను మూయలేదు.