వాన పడని మడులు

మా అక్క పొలం రేపల్లె దగ్గర, కాలవ చివరి భూముల్లో ఉంది. పైవాళ్ళ చేలన్నీ తడిశాక ఇంకా మిగిలితేనే అక్కడికి నీళ్ళు వస్తాయి. బావ పోయాక వాటాలు పంచుకుంటే ఆమెకు ముప్పై సెంట్లు వచ్చాయి. పక్క చెక్క ఆమె మరిదిది. ఆయన దాన్ని రొయ్యల చెరువుకి కౌలుకిచ్చేశాడు. అవతలి పక్క భూమి అంతకుముందే చెరువైంది. రెండు గట్ల మధ్య పల్లంలో అక్క చెక్క ఒక్కటే మట్టిగా మిగిలింది.

చెరువు వాళ్ళు దాన్ని కూడా అడుగుతున్నారని మరిది వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. "కౌలు ఇంటికే వస్తుంది వదినా. ఇంకా ఆ బురదలో ఏంటి నీకు పని?"

నాతో అక్క అన్న మాట వేరు. "కౌలు సంగతి కాదురా. పొద్దున్నే లేస్తే వెళ్ళడానికి నాకో చోటుండాలి. అదీ ఇచ్చేశాక లేచి ఏం చెయ్యను?"

నేను తెనాలిలో ఇనుము, సిమెంటు అమ్మే కొట్లో పనిచేస్తాను. చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఇంటి ప్లాను చూసి ఊచ ఎంత, ఇటుక ఎంత అని లెక్కగట్టడం మేస్త్రీల పక్కన నిలబడి నేర్చుకున్నాను. తెలియని పని ఎదురైతే ముందు దాన్ని కొలుస్తాను. అక్క పొలాన్నీ అలాగే చూశాను. అంత చెక్కలో వరి వేస్తే ఆమెకు ఏడాదిలో కొన్ని వారాలే పని. రోజూ పొలానికి వెళ్ళాలంటే రోజూ కోసుకునేది ఏదో ఒకటి ఉండాలి. అలా పాలీహౌస్ ఆలోచన వచ్చింది. విల్లులా వంచిన ఇనప గొట్టాలు, పైన ప్లాస్టిక్ కప్పు, పక్కలకి పురుగు దూరని వల. భూమిలో మూడోవంతు దాని కిందికి వెళ్ళింది.

మడి వెడల్పు ఎంతుండాలని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు. నేను అక్కని గట్టు మీద కూర్చోబెట్టి చేయి చాపమన్నాను. రెండడుగుల దూరం దాకా మొక్కని పట్టుకోగలిగింది. అందుకని మడి నాలుగడుగులు పెట్టాను. ఇటునుంచి సగం, అటునుంచి సగం అందుతుంది, మట్టి తొక్కే పని ఉండదు. ఏది ఎంత వెయ్యాలన్న లెక్క మాత్రం ఆమెదే. కూరగాయలు రెండు పాళ్ళు, పూలు ఒక పాలు.

"కూర రోజూ తింటారు. పూలు తిథి చూసుకుని కొంటారు" అంది.

బీన్స్, బీర, వంగ, టమాటా వేశాం. వాటి నడుమ వరసల్లో బంతి, ఒక చివర చామంతి. బంతి ఉన్నచోట వేళ్ళకి నులిపురుగు తక్కువని ఆమె ఎక్కడో వింది.

పక్క చెరువు కాపలా మనిషి గట్టు మీదనుంచి పలకరించేవాడు. "షామియానా వేశావు, భోజనాలెప్పుడు పిన్నీ?"

"ముందు పెళ్ళికొడుకుని చూడు. నీలా గట్టు మీద కునికేవాడు కాకుండా."

లోపల కొత్త సమస్య వచ్చింది. బీర తీగ నిండా పూసేది, పిందె మాత్రం పసుపుపచ్చగా మారి రాలిపోయేది. వల పురుగుని ఆపినట్టే తేనెటీగనీ ఆపేసింది. బీర పూలు విచ్చుకునేది పొద్దువాలాక. ఆ వేళకి అక్క మగపువ్వు తెంపి ఆడపువ్వుకి తాకిస్తూ వరసంతా తిరిగేది. "ఈగల పని కూడా నా నెత్తినే పడిందిరా" అనేదిగాని, ఆ పని వేరేవాళ్ళని ముట్టుకోనిచ్చేది కాదు. నేను ఆదివారం పాసింజరు బండి దిగి నడిచి వెళ్ళేసరికి బీరకాయలకి సంచీ, పూలకి తడిగుడ్డ సిద్ధంగా ఉండేవి. కూరలు రేపల్లెలోనే అమ్ముడుపోయేవి. బంతీ చామంతీ నాతో తెనాలి వచ్చేవి.

ఆ ఏడు కోతల ముందు తుఫాను వాన పట్టింది. చుట్టుపక్కల వరి పడిపోయింది. నేను వెళ్ళేసరికి అక్క కప్పు కింద పీట వేసుకుని కూర్చుని ఉంది. ప్లాస్టిక్ మీద వాన మోతకి మాట వినపడటం లేదు. నన్ను దగ్గరికి పిలిచి చెవిలో చెప్పింది. "ఒక్క చుక్క పడలేదురా లోపల." పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పంట చేతికొచ్చే వేళ వానకి భయపడిన మనిషి. మా ఇద్దరికీ అదే పెద్ద విజయంలా అనిపించింది.

రెండో వేసవిలో బీన్స్ ఆకుల అంచులు కాలినట్టయ్యాయి. మధ్య పచ్చగానే ఉంది, చుట్టూ గోధుమరంగు గీత. ఎండదెబ్బ అనుకుని పక్క వలలు పైకి చుట్టాం. వాడిన మొక్కని చూస్తే వరి పండించినవాళ్ళకి తోచేది ఒక్కటే, నీళ్ళు. సన్నపైపుల్లోంచి చుక్కచుక్కగా పడే బోరు నీళ్ళు చాలట్లేదని అక్క బిందెతో కూడా పోసింది. ఆ నీళ్ళు నాలుక చివర కాస్త ఉప్పగా తగిలేవి. వాటితోనే ఆ ఊళ్ళో నారుమళ్ళు బతికాయి, గేదెలు బతికాయి. వాటిని అనుమానించాలని ఎవరికీ తోచలేదు. ఎంత పోస్తే అంత వాడాయి. బీన్స్ పోయాయి. తర్వాత బీర మొదలు ఎండింది. మడి అంచుల్లో తెల్లటి పొడి కనపడింది. వేసిన ఎరువే తేలిందనుకున్నాం.

మట్టి, నీళ్ళు పరీక్షకి పట్టుకుని ఇద్దరం బస్సులో బాపట్ల వెళ్ళాం. అక్కడ పరీక్ష చేసినాయన సీసా పక్కన పెట్టి అడిగాడు. "కప్పు వేసి ఎన్నాళ్ళయిందండి?"

"రెండో ఏడండి."

"అప్పట్నుంచీ లోపల వాన పడలేదు కదండి. బోరు నీళ్ళతో వచ్చిన ఉప్పు మట్టిలోనే ఉంటుంది. బయట చేలకైతే ఏటా వాన కడుగుతుంది. మీకు కడిగేదెవరండి?"

అక్క నా వైపు చూసింది.

తిరుగు బస్సులో లెక్క వేశాను. మడి ఒక అడుగు లోతున శుభ్రపడాలంటే దాదాపు అంతే లోతు మంచినీళ్ళు మట్టిలోంచి దిగిపోవాలి. కాలవ నీళ్ళు ఆ వేసవిలో అక్కడిదాకా రావు. మిగిలింది వానే. తొలకరికి ముందే ప్లాస్టిక్ విప్పేశాం. చామంతి అప్పటికే పోయింది. బంతి ఒక్కటి ఇంకా పూస్తోంది, చిన్న పూలు.

వాన బాగానే పడింది. మొదటిరోజు అక్క ఫోనులో సంతోషంగా మాట్లాడింది. మూడోరోజు గొంతు మారింది. "నీళ్ళు నిలిచిపోయాయిరా. కదలట్లేదు."

వెళ్ళి చూశాను. మడులు మునిగి ఉన్నాయి. పూర్వం ఆ పల్లం నీళ్ళు మరిది పొలం వారగా ఉన్న చిన్న బోదె కాలవలోంచి మురుగు కాలవలోకి పోయేవి. చెరువు గట్టు వేసినప్పుడు ఆ బోదె గట్టు కిందికి పోయింది. కర్ర గుచ్చి చూస్తే జానెడు లోతులోనే అడుగునుంచి ఊట వస్తోంది, రెండు చెరువుల ఊట. వేలితో తీసి నోట్లో పెట్టుకున్నాను. బోరు నీళ్ళకన్నా ఉప్పగా ఉంది. పైనుంచి కడిగిన ఉప్పు దిగడానికి కింద చోటు లేదు. నీళ్ళు ఉన్నచోటే ఎండుతాయి, ఉప్పు ఉన్నచోటే మిగులుతుంది.

గట్టుకి అడ్డంగా తూము పెట్టించమని మరిదిని అడిగాను.

"కౌలుకిచ్చాక గట్టు నాదెలా అవుతుంది బావా? మీ ఉప్పునీళ్ళు వాళ్ళ చెరువు పక్కనుంచి పోనిస్తారా?" ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే ఆయన చేతిలో లేదు.

అక్క ఆ చెక్కని ఇంకో పంటకాలం అలాగే ఉంచింది. ఉదయం వెళ్ళేది, మడుల మధ్య నడిచేది, వచ్చేసేది. బంతి కూడా పోయాక మరిదిని పిలిచి కౌలుకి ఒప్పుకుంది. కాగితం మీద సంతకం పెట్టే ముందు ఒక్కటే అడిగింది. "మేత చల్లే పనో, వల కాపలానో నాకిమ్మని చెప్పు. జీతం లేకపోయినా ఫరవాలేదు."

ఆయన అడిగి వచ్చాడు. బయటి మనుషులు గట్టెక్కితే కాళ్ళ వెంట రోగం వస్తుందని వాళ్ళు ఒప్పుకోలేదట.

"నేను బయటిదాన్నా?" అంది అక్క.

ఇనప గొట్టాలు విప్పి పాత ఇనుముగా నేనే తూయించాను. అడుగున మట్టిలో ఉన్న భాగం పొరలు పొరలుగా తుప్పుపట్టి, చేత్తో వంచితే విరిగింది. చెరువు తవ్వడానికి పొక్లెయిన్ వచ్చిన రోజు అక్క వెళ్ళలేదు.

ఇప్పుడు కొట్టు తెరవకముందు రోజూ ఆమెకి ఫోను చేస్తాను. చాలాసేపు మోగుతుంది. ఒకప్పుడు ఆ వేళకి పొలంలో ఉండి, చేతులకి మట్టి ఉందని ఫోను తీసేది కాదు.

"లేచావా అక్కా?"

"ఇంకా లేదురా" అంటుంది.