ఆయన చేతికర్ర

రైల్లో పక్కాయన అడిగిందే తడవుగా సంచి విప్పి చూపించడం నా బుద్ధితక్కువే. అందులో పిల్లలకు కూడికలు చెప్పడానికి వడ్రంగి చేత చేయించిన చెక్కముక్కలున్నాయి. చిన్న ముక్క అంటే ఒకటి, పది గాట్లున్న పొడుగు ముక్క అంటే పది. వేళ్ళు అయిపోగానే ఏడుపందుకునే మా రెండో తరగతి పిల్లల మీద నాకున్న ఆఖరి ఆశ అదే.

"ఏంది పంతులూ, బడికా తిరనాళ్ళకా?" అన్నాడు ఆయన, తన చేతికర్రను కొక్కేనికి తగిలిస్తూ. "కర్ర లేందే లెక్కలు రావయ్యా. మాకట్టాగే వచ్చినయ్యి."

నరసరావుపేట దాటాక జల్లు కొట్టింది. ఆయన కిటికీ చెక్క మూశాడు. అది గడగడలాడుతుంటే నా పొడుగు ముక్క ఒకటి తీసి సందులో దిగగొట్టి, "ఇప్పుడు పనికొచ్చింది చూడు" అన్నాడు. నేను పళ్ళు నూరుకున్నాను. పళ్ళు నావే కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆయన గురజాలలో దిగిపోయాడు. బండి కదిలాక చూస్తే కర్ర కొక్కేనికే వేలాడుతోంది. అందిద్దామంటే ఆయన బిగించిన కిటికీ తెరుచుకోలేదు. మాచర్లలో బలంగా లాగితే కిటికీ తెరుచుకుంది గాని నా ముక్క రెండయింది.

ఆ తర్వాత గురజాల మీదుగా వెళ్ళినప్పుడల్లా ప్లాట్‌ఫారమంతా వెతికాను. ఆయన కనబడలేదు. చివరికి కర్రను వడ్రంగికిచ్చి పది గాట్ల ముక్కలుగా కోయించాను.

ఆ ఏడు మా పిల్లలు ఏడవకుండా కూడికలు చేశారు. కర్ర లేనిదే లెక్కలు రావని ఎవరన్నా అంటే, అప్పటినుంచీ నేను కాదనడం లేదు.